పరి అంటే చుట్టూ

"నేను తప్పు చెప్పాను" అన్న చిన్న మాట నా నోటి నుంచి బయటికి రావడానికి పదకొండేళ్లు పట్టింది. అది వచ్చేసరికి, ఎవరి కోసం రావాలో వాళ్లకు దానితో పని తీరిపోయింది. అయినా చెబుతాను. ఈ వయసులో చెప్పుకోక ఇంకేం చేస్తాను?

నా పేరు దయానంద్. నాందేడ్‌లో దేగ్లూర్ నాకా దాటాక నాకో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. బోరు మోటార్లు, పిండి గిర్నీల మోటార్లు, కూలర్లు, కాలిపోయినవన్నీ నా దగ్గరికే వస్తాయి. మాడిన తీగ కోసి తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, తిప్పి చూపించి పంపిస్తాను. ముప్పై ఏళ్లుగా తిరిగే వస్తువుల మధ్యే బతుకుతున్నాను కాబట్టి, తిరగడం గురించి నాకు తెలియనిది లేదన్న పొగరు ఒకటి ఉండేది. రైతు ఎవరైనా వచ్చి మోటార్ ఎందుకు కాలిందని అడిగితే, తెలిసినా తెలియకపోయినా ఏదో ఒక కారణం ఠపీమని చెప్పేవాణ్ణి. "ఏమో, విప్పి చూడాలి" అంటే దుకాణం పరువు పోతుందని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని సాయంత్రం షట్టర్‌తో పాటు అక్కడే మూసి ఇంటికి పోయి ఉంటే బాగుండేది.

మాది మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న మర్ఖేల్ అనే ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. నేను మాత్రం పదో తరగతి దాకా మేనమామ ఇంట్లో ఉండి, సరిహద్దుకు అవతల తెలుగు బడిలో చదివాను. తర్వాత నాందేడ్‌లో ఐటీఐ. అందువల్ల నా తలకాయలో సైన్సంతా తెలుగులో ఉంది, నోట్లో మాత్రం మరాఠీ ఉంది. రెండింటి మధ్య అప్పుడప్పుడు కనెక్షన్ తప్పుతుంది. దుకాణానికి బోర్డు రాయించినప్పుడు పెయింటర్ నా పేరు కింద "భ్రమణధ్వని" అని రాసి, పక్కన నా నంబరు వేశాడు. భ్రమణం అంటే మనకు తన చుట్టూ తాను తిరగడం కదా. మోటార్ల దుకాణమని "తిరిగే చప్పుడు" అన్న అర్థంలో ముచ్చటగా రాశాడనుకొని మురిసిపోయి, వాడికి రెండోసారి చాయ్ తాగించాను. మరాఠీలో మొబైల్ ఫోన్‌ను అలా అంటారని వారం తర్వాత తెలిసింది. వాళ్ల భ్రమణం అంటే ఊళ్లు పట్టుకు తిరగడం. మన భ్రమణం అంటే ఉన్నచోటే గిరగిర తిరగడం. ఈ సంగతి నేనే పది మందికి చెప్పి నవ్వించేవాణ్ణి. అందులోంచి నేర్చుకోవలసింది మాత్రం నేర్చుకోలేదు.

సాయలి మా ఒక్కగానొక్క బిడ్డ. చదివింది మరాఠీ బడిలోనే అయినా, సైన్సు ఇంట్లో నేనే తెలుగులో చెప్పేవాణ్ణి. నేను దుకాణం నుంచి వచ్చి చేతుల నూనె కడుక్కునే లోపే, "బాపూ" అంటూ పుస్తకం పట్టుకొని పక్కన నిలబడేది. భూమి రెండు రకాలుగా తిరుగుతుందని, ఒకటి తన చుట్టూ తాను, ఇంకోటి సూర్యుని చుట్టూ అని నేనే చెప్పాను. మెల్లగా తిరుగుతున్న ఫ్యాన్ చూపించి, "రెక్క కొస సూడు, ఎంత దూరం ఉరుకుతున్నదో. నడుమ దగ్గర సూడు, జరంతనే కదుల్తున్నది. సుట్టు ఒకటే, వేగం ఏరే. భూమి గూడ గంతే" అన్నాను. అది విని ఊరుకునే పిల్ల కాదు. భూమధ్యరేఖ దగ్గర మనిషి గంటకు పదహారు వందల డెబ్భై కిలోమీటర్లు తిరుగుతుంటే, నాందేడ్‌లో ఉన్న మనం ఎంత తిరుగుతున్నామో వాళ్ల సైన్సు మాస్టారు విశ్వేశ్వర్ సార్‌ను పట్టుకొని లెక్క కట్టించుకుంది. పదిహేను వందల ఎనభై దాకా వచ్చింది. ఇక సూర్యుని చుట్టూ పోయే వేగం సంగతి చెప్పనక్కర్లేదు, సెకనుకు ముప్పై కిలోమీటర్లు. "అంటె నువ్వు కండ్లు మూసి తెరిసేలోపల మనం బిలోలి సగం తొవ్వల ఉంటం బాపూ" అని ఇల్లంతా తిరిగి చెప్పింది. రెండు లెక్కలూ ఆ పిల్ల నాలుక మీద ఉండేవి. ఆ సంగతి గుర్తుంచుకోండి.

సాయలి తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా బళ్లన్నిటికీ ఒక సైన్సు క్విజ్ పెట్టారు. బడికి ఒకరు. గెలిచినవాళ్లను అయిదు రోజులు పూణె తీసుకుపోయి, పెద్ద దుర్భిణిలో గ్రహాలు చూపిస్తారు. సాయలి పుస్తకంలో శనిగ్రహం బొమ్మ ఉన్న పేజీ మూల పట్టి పట్టి మెత్తబడిపోయింది. నిజం శనిగ్రహం కంటితో చూస్తానని ఆ పిల్ల నెల రోజుల ముందు నుంచే చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పుకుంది. నాకు కూడా ఆశ లేకపోలేదు. మోటార్లు చుట్టేవాడి కూతురు పూణె పోయిందని నాలుగు చోట్ల అనిపించుకోవాలని ఉండేది.

క్విజ్ ముందురోజు సాయంత్రం పుస్తకం తెచ్చుకొని నా పక్కన కూర్చుంది.

"బాపూ, పరివలన్ ఏది, పరిభ్రమణ్ ఏది? నాకు మల్ల మల్ల గల్లత్ అయితున్నది."

తెలుగులో మనకు భ్రమణం, పరిభ్రమణం అని రెండే మాటలు. తన చుట్టూ తిరిగేది భ్రమణం, సూర్యుని చుట్టూ తిరిగేది పరిభ్రమణం. పరివలన్ అన్న మరాఠీ మాట నేనెప్పుడూ చదివింది కాదు, నాకు దానితో పని పడలేదు. "సూద్దాం, పుస్తకం తియ్యి" అంటే సరిపోయేది. పుస్తకం ఆమె ఒళ్లోనే ఉంది.

"గల్లత్ కానీకి ఏమున్నది బిడ్డా? పరి అంటె సుట్టు. పేరుల పరి ఉన్నదంటె సూర్యుని సుట్టు తిరుగుడే. పరివలన్ అన్న అదే, పరిభ్రమణ్ అన్న అదే. ఒట్టి భ్రమణ్ అంటె తన సుట్టు తను తిరుగుడు."

"రెండు మాటలకు ఒకటే అర్థమా? పుస్తకంల ఏరే ఏరే ఉన్నట్టున్నది."

"నేను చెప్తున్న గద. మోటార్లు తిప్పెటోనికి తిరుగుడు సంగతి నువ్వు నేర్పుతవా?"

సాయలి నవ్వి పుస్తకం మూసేసింది. నేను చెప్పానంటే పుస్తకం మూసేసేంత నమ్మకం ఆ పిల్లకు నా మీద.

మర్నాడు హాలు నిండా జనం. నేను ముందు వరసలో కూర్చున్నాను. నా భార్య గోదావరి వెనక ఆడవాళ్ల వైపు కూర్చుంది. గంటన్నర తర్వాత పోటీలో ఇద్దరే మిగిలారు, మా సాయలి, గౌరవ్ అని ఇంకో బడి అబ్బాయి. ఇద్దరికీ సమానంగా మార్కులు. చివరి ప్రశ్న మా సాయలికి వచ్చింది. అడిగే ఆయన కాగితం చూసి మరాఠీలో చదివాడు: "విషువవృత్తావర్ పృథ్వీచా పరివలన్ వేగ్ కితీ?" అంటే భూమధ్యరేఖ దగ్గర భూమి పరివలన వేగం ఎంత అని.

సాయలి మైకు పట్టుకొని ఆగింది. ఆగి నా వైపు చూసింది.

ఆ ఆగడం ఎందుకో నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. సూర్యుని చుట్టూ భూమి పోయే వేగాన్ని అడిగేటప్పుడు భూమధ్యరేఖ మాట ఎందుకు వస్తుంది? నాందేడ్ నుంచి బిలోలి పోయే బస్సులో ముందు సీట్లో కూర్చున్నా, వెనక సీట్లో కూర్చున్నా వేగం ఒకటే. గిరగిర తిరిగే వస్తువుకే ఎక్కడ, కొసనా, నడుమనా అన్న ప్రశ్న పుడుతుంది. ఫ్యాన్ రెక్క చూపించి ఆ ముక్క చెప్పింది నేనే. కానీ ఆ నిమిషంలో నా బుర్రలో పూణె తప్ప ఇంకేం లేదు. ముందురోజు చెప్పిందే చెప్పు అన్నట్టు గట్టిగా తల ఊపాను.

"సెకనుకు ముప్పై కిలోమీటర్లు" అని మరాఠీలో చెప్పింది సాయలి.

ఆయన తప్పన్నాడు. ప్రశ్న అవతలి అబ్బాయికి పోయింది. గౌరవ్ గంటకు పదహారు వందల డెబ్భై అన్నాడు. చప్పట్లు మోగాయి. అందరికీ తెలియాలని ఆయన మైకులో విడమరచి చెప్పాడు: పరివలన్ అంటే తన అక్షం మీద తాను తిరగడం, పరిభ్రమణ్ అంటే సూర్యుని చుట్టూ తిరగడం, రెండు వేగాలకూ అరవై రెట్ల పైగా తేడా ఉంటుంది, పిల్లలు ఇక్కడే పొరపాటు పడుతుంటారు అని. పొరపాటు పడింది పిల్ల కాదని ఆ హాల్లో నాకొక్కడికే తెలుసనుకున్నాను.

తిరిగి ఇంటికి ఆటోలో వచ్చాం. మా ఇద్దరి నడుమ సాయలి కూర్చుంది. గోదావరి కాసేపు ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగింది.

"ఏమైంది బిడ్డా? ఇంట్ల అన్ని గడగడ చెప్తవ్ గద. ఇది రాలేదా నీకు?"

ఆ ప్రశ్న ఆ పిల్లకు వేసిందే అయినా, జవాబు చెప్పాల్సింది నేను. చెప్పాను.

"భయపడ్డది. టైంకి మర్సిపోయింది. పిల్లలకు గట్లనే అయితది, ఏమనకు దాన్ని."

ఓదారుస్తున్నట్టు వినిపించేలా అన్నాను చూడండి, అదీ నా తెలివి. నా తప్పు బిడ్డ నెత్తిన పెట్టి, పైగా బిడ్డను వెనకేసుకొచ్చిన తండ్రిననిపించుకున్నాను. గోదావరి సాయలిని దగ్గరికి తీసుకొని తల నిమిరింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. "మా సాయలికి అన్ని అస్తయి గని, టైంకి నోరు రాదు." గోదావరి ఆ మాట ప్రేమతోనే అనేది. చుట్టాల పెళ్లిళ్లలో, పక్కింటి వాకిట్లో, ఎవరైనా బిడ్డ చదువు సంగతి అడిగితే అదే చెప్పేది. పక్కనే నేనుంటే నా వైపు చూసేది. నేను ఔనన్నట్టు తల ఊపేవాణ్ణి. నిజం చెప్పాలంటే, కొన్నాళ్లకు నేను కూడా ఆ మాటను సగం నమ్మాను.

పదో తరగతిలో సాయలికి మంచి మార్కులొచ్చాయి. పోయి ఆర్ట్స్ తీసుకుంది. విశ్వేశ్వర్ సార్ ఆ సంగతి విని స్కూటర్ వేసుకొని దుకాణానికే వచ్చాడు. ఆయనది బిలోలి, మాలాగే ఇంట్లో తెలుగు.

"దయానంద్, ఏందిది? ఆ పోరి సైన్స్ ఎందుకు ఇడిసి పెట్టింది? జర నువ్వన్న చెప్పు."

"ఆమెకు భయం సార్. ప్రాక్టికల్లు, వైవాలు ఉంటయి గద. నలుగురు ముందల నిలబడితె టైంకి యాదికి రాదు. ఆ క్విజ్‌ల సూసిండ్రు గద మీరు."

"నా క్లాసుల ఎన్నడు గట్ల గాలేదు" అన్నాడు ఆయన. కాసేపు నా మొహం చూసి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సాయలి బీఏ చేసింది, ఎంఏ చేసింది. శివాజీనగర్‌లో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో జనానికి ఫారాలు నింపిపెట్టే పనిలో చేరింది. ఆధార్, స్కాలర్‌షిప్, పంటబీమా, రోజంతా స్క్రీన్ ముందు. "బాపూ" అంటూ పుస్తకం పట్టుకొని రావడం ఆ క్విజ్‌తోనే ఆగిపోయింది. పెద్దదవుతోంది కదా, పిల్లలు అలాగే దూరమవుతారు అని సర్దిచెప్పుకున్నాను.

పోయిన నెల ఒక సోమవారం రాత్రి అన్నం తింటుంటే టీవీ పక్కన ఒక కాగితం కనబడింది. పల్లెల్లో బళ్లకు బండి మీద ఒక గుడారం తీసుకుపోతారట. గాలి ఊదితే గుమ్మటంలా లేస్తుంది. లోపల చీకట్లో పిల్లలను కూర్చోబెట్టి, పైన నక్షత్రాలు, గ్రహాలు తిరుగుతున్నట్టు చూపిస్తారు. కిన్వట్, బిలోలి, దేగ్లూర్ తాలూకాల సరిహద్దు ఊళ్లలో మరాఠీలోనూ తెలుగులోనూ చెప్పగలిగే మనిషి కావాలి. సాయలి దరఖాస్తు పెట్టింది. గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూ అని ఆ కాగితంలో ఉంది.

గోదావరి కూడా చదివింది. "గివన్ని ఎందుకు బిడ్డా నీకు? ఫారాలు నింపుకుంట సల్లగ నీడపట్టున ఉన్నవ్. గంతమంది పిల్లల ముందల నిలబడి టైంకి నోరు రాకుంటె ఎట్ల? అందరు నవ్వరా?"

సాయలి ముఖంలో ఏమీ మారలేదు. "సరే తియ్యమ్మా, పోతలేను" అంది.

నేను రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాను. ఆ క్షణంలో నోరు తెరవాల్సింది. ఆ పిల్ల జీవితంలో మళ్లీ ఒకసారి ఆకాశం వైపు తలుపు తెరుచుకుంది, నేను అడ్డం వేసిన గొళ్లెం నేనే తీయాలి. అంతా అర్థమవుతూనే ఉంది. రొట్టె మాత్రం తిన్నాను.

మంగళవారం చెబుదామనుకున్నాను. ఒక రైతు ఎక్కువసేపు కూర్చున్నాడు. బుధవారం సాయలి ఇంటికి రావడం ఆలస్యమైంది, అలసిపోయినట్టుంది, పోనీలే అనుకున్నాను. వాయిదా వేసేవాడికి కారణాలకు కరువుండదు. గురువారం పొద్దున పదింటికి సాయలి నా టిఫిన్ డబ్బా పట్టుకొని దుకాణానికి వచ్చింది. కరెంటు లేదు. పనివాళ్లు చాయ్‌కి పోయారు. గడియారం చూశాను. ఇప్పుడు చెబితే పదకొండింటికి ఆటోలో పోయి అందుకోవచ్చు. ఇంతకన్నా ఆలస్యం చేయడానికి నాకు కూడా చోటు మిగల్లేదు.

"సాయలీ, జర కూసో. ఆ క్విజ్ దినం నువ్వు మర్సిపోలే బిడ్డా. నేను నీకు తప్పు చెప్పిన. పరివలన్ అంటె ఏందో నాకే తెల్వకుండె."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సాయలి స్టూలు మీదున్న పానాలు పక్కకు జరిపి కూర్చుంది.

"నాకు తెల్సు బాపూ."

"ఎప్పటి సంది?"

"స్టేజీ మీదనే. విషువవృత్త అన్నడు గద ఆయన. సూర్యుని సుట్టు పోయెదానికి దానితోని ఏం పని? ఫ్యాన్ సూపెట్టి నువ్వే నేర్పినవ్."

"మరి ముప్పై అని ఎందుకన్నవ్ బిడ్డా?"

"నీ దిక్కు సూసిన. నువ్వు తల ఊపినవ్." ఆమె గొంతులో కోపం లేదు. "అప్పుడు నాకు పద్నాలుగేండ్లు. నాకన్న నీకే ఎక్కువ తెల్సు అనుకున్న. నాకు అనిపించింది చెప్తె, గంతమందిల నువ్వు తప్పైతవ్ గద."

నేను చేతిలో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. చేతులకు ఏమీ లేదు.

"పూణె పోకుంటె ఏమాయె బాపూ. గది పోయింది, అయిపోయింది" అంది సాయలి. "ఆటోల అమ్మ అడిగింది సూడు. అప్పుడు నువ్వు చెప్తవనుకున్న. బోర్డు ముచ్చట చెప్పి నవ్వుతవ్ గద అందరికి, గట్లనే 'నేనే తప్పు నేర్పిన' అని నవ్వుతవనుకున్న. నువ్వేమో మర్సిపోయింది అన్నవ్."

"తప్పయింది బిడ్డా."

"తెల్లారి చెప్తవనుకున్న. పది పాసైనంక చెప్తవనుకున్న. విశ్వేశ్వర్ సార్ ఈడికి అచ్చిన దినం నేను ఆ బైట ఉన్న. నీ టిఫిన్ డబ్బా తెచ్చిన. మీ మాటలు ఇన్న. డబ్బా గా షట్టర్ కాడ పెట్టి పోయిన. గా దినం సంది నీ దిక్కు సూసుడు బంద్ చేసిన."

ఆ డబ్బా నాకు జ్ఞాపకం ఉంది. ఎవరు పెట్టిపోయారో కూడా అడగకుండా తిన్నాను.

"నేను ఆటోల గట్లన్నందుకేనా సైన్స్ ఇడిసిపెట్టింది?"

"సైన్స్ తీస్కుంటె మల్ల నిన్నే అడగాలె. నాకు అడగబుద్ధి కాలే. గంతే."

ఎంత చిన్న కారణం. ఎవరికో భయపడి కాదు, ఏదో రాక కాదు. నన్ను అడగబుద్ధి కాక. ఉన్న ఒక్క పనికొచ్చే మాట పట్టుకున్నాను.

"ఇప్పుడన్న పో బిడ్డా. పదకొండింటికి గద. నేను ఆటో పిలుస్త. అమ్మకు నేను చెప్పుకుంట."

"నిన్ననే పోయిన బాపూ. ఫోన్ చేసి ఒక దినం ముందలనే రమ్మన్నరు. ఇంటర్వ్యూ ఇచ్చిన. తీస్కున్నరు. సోమవారం కిన్వట్ దిక్కు బండి పోతది. మొదలు సర్ఖని బడికి."

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. "మాకు ఎందుకు చెప్పలే?" అన్నాను, ఆ హక్కు నాకింకా ఉన్నట్టు.

"చెప్తె అమ్మ టైంకి మర్సిపోతవ్ అంటది. నువ్వు ఊకుంటవ్. పోయెటప్పుడు ఆ రెండు ఎంబడి ఎందుకని చెప్పలే."

సాయలి లేచి డబ్బా బల్ల మీద పెట్టింది. సెంటర్‌లో పని మానేస్తున్నట్టు చెప్పి రావాలంది. వెళ్లబోతూ ఆగి, "ఆ క్విజ్ సంగతి అమ్మకు నేను చెప్ప. అది నీ మాట, నువ్వే చెప్పుకో" అని మెట్లు దిగింది. పదకొండేళ్లు నేను బిడ్డ దగ్గర ఒక రహస్యం దాస్తున్నాననుకున్నాను. నా బిడ్డే నా పరువు కోసం దాన్ని దాచిపెట్టింది. నేను మాత్రం దాంట్లో హాయిగా బతికాను.

ఇంత జరిగాక కూడా ఆ సాయంత్రమే గోదావరికి చెప్పేశానని మీరనుకుంటే నన్ను మీరింకా సరిగ్గా తెలుసుకోలేదు. ఉద్యోగం సంగతి సాయలి చెప్పింది. గోదావరి మొదట మూతి ముడుచుకుంది, తర్వాత దారిలో తినడానికని శెనగపిండి లడ్డూలు చేయడంలో పడింది. ఆమె సంబరంలో ఉన్నప్పుడు ఎందుకని శుక్రవారం పోనిచ్చాను. శనివారం ఆమెకు తలనొప్పి. ఆదివారం సాయంత్రం పక్కింటి ఇందుబాయి వచ్చింది, పిల్ల ఊళ్లకు పోతుందట కదా అని. సాయలి మంచం మీద బట్టలు మడతపెట్టి బ్యాగులో సర్దుకుంటోంది.

"పోతున్నది గని వదినా, నా పానం నిలుస్తలేదు" అంది గోదావరి. "ఆడ పిల్లల ముందల నిలబడి టైంకి మర్సిపోతె ఎట్ల? చిన్నప్పటి సంది దానికి గంతే. అన్ని అస్తయి, నోరు రాదు."

అని అలవాటుగా నా వైపు తిరిగింది, నేను తల ఊపడం కోసం.

సాయలి తల ఎత్తలేదు. ఒక చుడీదార్‌ను మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడుస్తోంది.

"అది ఎన్నడు మర్సిపోలే గోదావరీ" అన్నాను. "నేను తప్పు నేర్పిన. దానికి స్టేజీ మీదనే సరైన జవాబు తెల్సు. గంతమందిల నేను తప్పు కావొద్దని నేను చెప్పిందే చెప్పింది. ఆటోల మర్సిపోయింది అని నేనే అబద్ధం చెప్పిన. అప్పటి సంది చెప్తనే ఉన్న."

ఇందుబాయి కాసేపు అందరి ముఖాలూ చూసి, "మల్ల అస్త" అని లేచి పోయింది. గోదావరి గోడకు ఆనుకొని అలాగే కింద కూర్చుండిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"పదకొండేండ్లు" అంది. "పెండ్లిల్ల చెప్పిన, పేరంటంల చెప్పిన. నా అన్నదమ్ములకు చెప్పిన. నా బిడ్డకు నోరు రాదని నా నోటితోని ఊరంత చెప్పిన. నీకు అంత ఎర్క ఉండి, పక్కన నిలబడి నాతోని చెప్పిచ్చినవా?"

బిడ్డకు చేసిన అన్యాయం ఒక్కటే లెక్కలో ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. ఈమె నోటిని కూడా వాడుకున్నానని ఆమె అనేదాకా నాకు తట్టనే లేదు. గోదావరి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

సాయలి చేతిలో బట్ట వదిలేసి వచ్చి అమ్మ పక్కన కింద కూర్చుంది. ఆమె చేతిని ముఖం మీంచి మెల్లగా తీసింది.

"ఏడ్వకమ్మా. నువ్వు తెల్వక అన్నవ్. తెల్వక అంటె తప్పేమున్నది?"

గోదావరి కూతురి భుజం మీద తల పెట్టుకుంది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అటువంటి మాట నాకు కూడా ఒకటి వస్తుందేమోనని చూశాను. పరివలన్ అంటే తెలియక తప్పు చెప్పినవాణ్ణే నేను కూడా. అంతవరకే అయి ఉంటే ఆ మాట నాకూ చెల్లేది. ఆటోలో అన్నది మాత్రం తెలిసి అన్నాను, ఆ తర్వాత తల ఊపిన ప్రతిసారీ తెలిసే ఊపాను. కాసేపటికి సాయలి అమ్మ కళ్లు తుడిచి, లేచి, మిగిలిన బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నా వైపు తిరగలేదు.